మెట్టు కింది గిరాకి

నేను ఫికర్ల మనిషిని. గ్యాస్ బందు చేసిన్నో లేదో అని బస్టాండ్ దాక పోయి, మల్ల ఇంటికొచ్చి చూసుకునే రకం. దొరికిన నౌకరి సుత గసొంటిదే. ఎక్కడో ఉన్న మొకం తెల్వని మనుషులు కంప్యూటర్ల ఏం మాట కొట్టి వెతుకుతరో ముందుగాలనే పసిగట్టుడు నా పని. ఆ మాటలను కీవర్డ్స్ అంటరు. సరైన కీవర్డ్ దొరికితే వెబ్‌సైటుకు మనుషులొస్తరు, దొరకకుంటే రారు. చెప్పుకుంటే ఒక్క నిమిషంల అయిపోతది గని, దాని ఎనుక నేను పడ్డ పరేషాన్ చానా ఉన్నది.

అప్పుడు గచ్చిబౌలి దిక్కు నెలకొక అద్దాల బిల్డింగు లేస్తుండె. నేను పొద్దున ఏడింటికి చేవెళ్లల బస్సెక్కి, మొయినాబాద్ వచ్చేసరికి కునుకు తీసి, ఆఫీసుల తేలుతుంటి. మా కంపెనీకి పరాయి దేశపోళ్ళ పని ఉండె. అండ్ల ఒకాయన తోటల వేసుకునే కుర్చీలు అమ్మేటోడు. తన సైట్ల పెద్ద పెద్ద మాటలు రాసుకున్నడు, ఎవ్వరు వస్తలేరు. నేను వాటన్నిటిని తీసేసి, వాన వడ్డా పాడుగాని కుర్చీ కావాలె అని మామూలు మనిషి ఎట్ల అడుగుతడో గట్ల రాసిన. ఆయన కుర్చీలు తెగ అమ్ముడు పోయినయట. మా మేనేజర్ మీటింగుల నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించిండు. నాకు జర పొగరెక్కింది, అబద్ధమెందుకు. ఆ పొగరుతోనే మా బాపు దుకాణం ముంచినంత పని చేసిన.

మాది చేవెళ్లల పూజ సామాన్ల దుకాణం. మా తాత పెట్టిండు, బాపు ముప్పై ఏండ్ల సంది నడుపుతున్నడు. పసుపు, కుంకుమ, కర్పూరం, ఒత్తులు, జంధ్యాలు, వ్రతాల సామాను, గృహప్రవేశం సామాను అన్ని దొరుకుతయ్. మెయిన్ రోడ్డు మీదనే ఉండెటిది. బస్సు దిగినోనికి ముందుగాల మా అగరుబత్తుల వాసనే తగిలేది. అమ్మ పోయి అప్పటికి రెండేండ్లు. ఇంట్ల నేను, బాపు, అంతే. ఆయనకు దుకాణం తప్ప ఇంకో లోకం లేకుండె. పండుగ నాడు సుత పగటి దాక తెరిచి కూసునేటోడు.

రోడ్డు వెడల్పు చేస్తమని ఒకనాడు వచ్చి మా గోడ మీద ఎర్ర రంగుతోని గీత గీసి పోయిండ్రు. దుకాణం మార్చక తప్పలే. రెండు మడిగెలు చూసినం. ఒకటి రోడ్డు మీదనే, కొత్త కాంప్లెక్సుల. ఇంకోటి ఎనుక గల్లీల, పిండి గిర్ని పక్కపొంటి. బాపు మనసు రోడ్డు మీది దాని మీదనే ఉండె. నేనే పడనియ్యలే.

"రోడ్డు మీద పోయేటోడు ఇప్పుడు దుకాణాలు చూస్తున్నడా బాపూ? ఫోన్లనే చూస్తున్నడు. మనం గల్లీల ఉంటేంది, నేను నెట్ల పెడ్త. అజీజ్‌నగర్ దిక్కు ఎన్ని విల్లాలు లేస్తున్నయ్, ఎన్ని గృహప్రవేశాలైతున్నయ్. వాళ్ళంత వెతుక్కుంట మన తానకే వస్తరు."

"వస్తరంటవా?" అన్నడు బాపు.

"నేను చేసే పనే గది గదా."

బాపు ఒప్పుకున్నడు. రోడ్డు మీది మడిగెను సెల్‌ఫోన్లోళ్ళు తీసుకున్నరు. మేం గల్లీలకు పోయినం.

గల్లీల మాకు తోడు పిండి గిర్ని ఒక్కటే. పొద్దంత గరగర మోగుతది, దాని దుమ్ము కుంకుమ డబ్బాల మీద తెల్లగ పడుతది. బాపు ఒక్కొక్క డబ్బా తీసి తుడుస్తడు, తుడిచేసరికి మల్ల మొదటి దాని మీద పడుతది. గిరాకి లేదు కాబట్టి ఆయనకు గదే పనయ్యింది. మూడు నెలలు గట్ల చూసి ఒకనాడు అన్నం తినుకుంట అన్నడు. "దసర దాక చూస్త బిడ్డా. కాకుంటే షట్టర్ దించి మీ మామ తానకు పోత."

మా మేనమామకు సిటీల సూపర్ మార్కెట్ ఉన్నది. నమ్మకమైన మనిషి కావాలె, బావా నువ్వొచ్చి గల్లా మీద కూసుంటే చాలు అని ఎప్పటి నుంచో అంటున్నడు. అక్కడ గల్లా మీద కూసునేటోళ్ళందరికి ఎర్ర టీషర్టు ఇస్తరు. మా బాపు ధోతి మీద ఎర్ర టీషర్టు ఏసుకొని ఎవని బిస్కెట్ పాకిట్‌నో మిషిన్ ముందట తిప్పుతున్నట్టు నా కండ్ల ముందట ఆడేది.  ఎవలన్న మా బాపు దుకాణం ముంచితే వాన్ని నేను జన్మల క్షమించేదాన్ని కాదు. ముంచింది నేనే గాబట్టి ఏం జెయ్యాలెనో తెల్వలే.

సైటు ఎప్పుడో తయారు చేసిన. ఒక ఆదివారం బాపు అల్మారల ముందట నిలవడి కుడి దిక్కు నుంచి సామాన్ల పేర్లు చెప్పుకుంట పోయిండు, నేను రాసుకుంట పోయిన. పూజ సామాగ్రి, వ్రత సామాగ్రి, హోమ ద్రవ్యాలు. తెలుగుల రాసిన, ఇంగ్లీషుల రాసిన, తప్పులతోని ఎట్ల కొడ్తరో గట్ల సుత రాసిన. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, చుట్టుపక్కల ఊర్ల పేర్లన్ని పెట్టిన. పొద్దుకు నాలుగు సార్లు రిపోర్టు తీసి చూస్తుంటి. ఎంత మంది వచ్చిండ్రు, ఏ మాట మీద వచ్చిండ్రు అన్ని అండ్ల పడుతయ్.

రాకేం, వచ్చిండ్రు. వరలక్ష్మి వ్రతం ఎట్ల చెయ్యాలె అని వెతికినోళ్ళు వచ్చిండ్రు, చదువుకున్నరు, పోయిండ్రు. ఎక్కడో దూరాన ఉన్నోళ్ళు వచ్చి మూడు సెకన్లు చూసి పోయిండ్రు. మాటలు మార్చిన. మల్ల మార్చిన. ఆఫీసుల కుర్చీలాయన పని చేసుకుంటనే కింద ఇంకో కిటికీల మా దుకాణం రిపోర్టు తెరిచి పెట్టుకుంటుంటి. మేనేజర్ నడుచుకుంట వస్తుంటే దాన్ని మూసేస్తుంటి. ఎవలకో సముద్రాల అవతల మాట దొరకబట్టిన దాన్ని, మా ఊరోళ్ళు ఏమని వెతుకుతరో నాకు తెల్వకపాయె. దసరకు ఇంకా నెలన్నర ఉన్నది.

ఒక ఆదివారం తెగించి దుకాణంలనే కూసున్న. వచ్చిన గిరాకి నోట్ల నుంచి ఏ మాట వస్తే ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకోవాలె అనుకున్న. పగటి దాక ఇద్దరే వచ్చిండ్రు. ఒకామె "ఒత్తులున్నయా" అన్నది. ఇంకొకాయన కర్పూరం అడిగిండు. నేను గదే రాసుకొని ఎదురు చూస్తున్న.

మూడో మనిషి లోపలికి రాలే. అరవై ఏండ్లుంటయి, మీది తువ్వాల తీసి చేతుల పట్టుకున్నడు, వచ్చి మెట్టు కింద నిలవడ్డడు. ఏం అడగలే. బాపు చేతుల డబ్బా కింద పెట్టి, ఎనుక గోడ దిక్కు పోయిండు.

ఇది మా దుకాణంల తాత నాటి నుంచి ఉన్న పద్ధతి. చావు జరిగిన ఇంటి నుంచి వచ్చినాయన మెట్టెక్కడు. బాపు ఆయన్ను లోపలికి రమ్మనడు, ఏం కావాలె అని అడగడు. తెల్ల గుడ్డ, గులాలు, నువ్వులు, కర్పూరం, దర్భ, అన్ని తానే చూసి కడతడు. ఎంత మంది గిరాకి ఉన్నా ముందుగాల గా మూటే కట్టాలె. చేతికియ్యడు, మెట్టు మీద పెడ్తడు, ఆయన తీసుకుంటడు. బేరం ఉండదు, మల్ల రమ్మనుడు ఉండదు. గా సామాను పేరు దుకాణంల ఎవ్వరు నోట తీయరు. ఇంట్ల సుత మేం "మెట్టు కింది గిరాకి" అంటం, అంతే. నేను చిన్నగున్నప్పుడు ఒకసారి ఏదో మాటల గా పేరు అంటే అమ్మ నెత్తి మీద మొట్టికాయ పెట్టింది.

ఆ ముసలాయన మూట తీసుకొని పోంగ నేను ఎనుకనుంచి చూస్తున్న. గల్లీ మొగదాల ఒకామె "దొరికిందా దుకాణం" అని అడిగింది. "ఊరంత తిరిగిన అవ్వా, ఆఖరికి గీడ దొరికింది" అన్నడు.

నాకు పానం జల్లుమన్నది. ఒత్తులు కావల్సినామె మేం కనవడకుంటే ఇంకో దుకాణంల కొనుక్కుంటది. ఈయన మాత్రం ఊరంత తిరిగిండు. మమ్మల్ని వెతికే మనిషి ఒక్కడున్నడంటే అది ఈయనే. నేను రాసిన వంద మాటలల్ల ఈయన కోసం ఒక్కటి సుత లేదు. బాపు అల్మారలు చెప్పుకుంట పోయి గా సామానుండే ఎనుక గోడ కాడ ఆగిపోయిండు, నేను సుత రాసుకునుడు ఆపిన. ఇద్దరికి ఇడిసిపెట్టినమన్న సోయి లేదు. వేరే దుకాణపోడు ఎవడన్న ఇట్ల మరుస్తడా? గా పేరు నోట తీయని మా ఇంట్ల పుట్టినోళ్ళే మరుస్తరు.

బాపును అడిగితే ఒద్దంటడు. అనుడు కాదు, అసలు వినడు. చెప్పకుంటనే రాసిన. ఒక పేజీ కొత్తగ పెట్టి, అంత్యక్రియల సామాగ్రి అని, దహన సంస్కారాల సామాను అని, చేవెళ్ల, మొయినాబాద్ అని రాసి, దుకాణం నంబర్ పెట్టిన.  మరునాడు దుకాణంల అమ్మ ఫొటో దిక్కు చూడబుద్ధి కాలే. బాపు ఫోన్ మోగినప్పుడల్లా ఎవలు చేసిండ్రో అని చెవులు రిక్కించుకుంటుంటి. గా గిరాకి రావాలె అని ఒక దిక్కు, రావద్దు అని ఒక దిక్కు. పది దినాలు గట్ల బతికిన.

పదకొండో నాడు ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర. బాపు దీపం పెట్టి కూసున్నడు. ఫోన్ మోగింది. ఎత్తి "హలో" అన్నడు. అవతల ఏమన్నరో నాకు వినవడలే. బాపు మొకం చూసిన. మెల్లగ లేచిండు. ఫోన్ చెవి కాడనే పెట్టుకొని గల్లా పక్కనుంచి వచ్చి, మెట్టు దిగి, కింద నిలవడ్డడు. గిరాకి మెట్టు కింద నిలవడనీకి లేకపాయె, అందుకని బాపే దిగిండు.

"చెప్పు నాయినా" అన్నడు. చానా సేపు విన్నడు. "ఎవలు జెప్పిండ్రు మా నంబర్?" అని అడిగిండు. ఆ జవాబు విని తల తిప్పి నా దిక్కు చూసిండు. గా చూపు ఇప్పటికీ నాకు యాదికున్నది. కోపం అయితే బాగుండు అనుకున్న, అది కోపం కాదు.

లోపలికొచ్చి మూట కట్టిండు. "షట్టర్ దించు. విల్లాలట, అజీజ్‌నగర్ దిక్కు. ఆ అడ్రసులు నాకు తెల్వయి, నువ్వు సుత రా" అన్నడు. ముప్పై ఏండ్లల గా మూట తీసుకొని బాపు తానే పోయింది లేదు. ఆటోల మా నడుమ మూట.  అయిపోయింది, ఇంటికి పోయినంక మామకు ఫోన్ చేస్తడు, నేను రాసిన మాటకే దుకాణం పోతది అనుకున్న.

గేటు కాడ సెక్యూరిటీ ఆయన మూట చూసి ఏం అడగకుంట తీసిండు. లోపల అన్ని ఇండ్లు ఒక్క తీరుగున్నయ్. వాకిట్ల ముప్పై ఐదేండ్ల మనిషి, నిక్కరు మీదనే, చేతుల ఫోన్ పట్టుకొని నిలవడి ఉన్నడు. భార్య లోపల ఏడుస్తున్నది. ఆయన నాయన తెల్లారంగ లేవలేదట. వాళ్ళది కోస్త దిక్కు, చుట్టాలు వచ్చేసరికి సాయంత్రమైతది. పక్కింటోళ్ళ పేరు సుత తెల్వదు.

"మాకిక్కడ ఎవరూ తెలీదండీ" అన్నడు ఆయన. ఇంకేదో చెప్పబోయి మల్ల గదే మాట అన్నడు.

బాపు మూట గడప బయట పెట్టిండు. "ఫికర్ చెయ్యకు నాయినా. ముందుగాల పెద్దాయన్ను దక్షిణం తల పెట్టి పండవెట్టుండ్రి. తల కాడ దీపం పెట్టుండ్రి" అన్నడు. అయ్యగారికి ఫోన్ చేసిండు. గేటు కాడి సెక్యూరిటీ ఆయనది పక్కూరు హిమాయత్‌నగరట, ఆయన్ను పిలిచి ఊర్లె నుంచి నలుగురిని తోలుకరమ్మన్నడు. కట్టెలు ఎక్కడ, స్మశానం ఎక్కడ, ఎవలతోని మాట్లాడాలె, ఒక్కొక్కటి అరుగు మీద కూసోని చెప్పినట్టు నిమ్మళంగ చెప్పిండు. ఆ ఇంటాయన అన్నిటికి తల ఊపిండు. మేం లేచేటప్పుడు బాపువి రెండు చేతులు పట్టుకొని ఇడిసిపెట్టలే.

ఇంటికి రాంగనే బాపు వాకిట్ల నల్ల కాడ మీదికెళ్ళి నీళ్ళు పోసుకున్నడు. నన్ను సుత పోసుకోమన్నడు. మరునాడు నేను ఆఫీసుకు పోయిన్నే గని నా సోయి నాకు లేదు. రిపోర్టు తెరిచి, ఆ పొద్దు ఆయన ఏం కొట్టి మా తానకొచ్చిండో చూసిన. నేను రాసిన సామాగ్రి లేదు, సంస్కారం లేదు. "ఫాదర్ ఎక్స్‌పైర్డ్ వాట్ టు డూ మొయినాబాద్" అని ఉన్నది. గా మాటకు మేం నాలుగో పేజీల ఉన్నం. ఇంట్ల నాయన గట్ల పడి ఉంటే ఆయన ఫోన్ల నాలుగు పేజీలు తిప్పిండు. మొదటి మూడు పేజీలల్ల ఆయనకు జవాబు చెప్పేటోళ్ళు లేరు. ఆఫీసుల బాత్రూంకు పోయి మొకం కడుక్కున్న.

మూడో నాడు పొద్దున బస్సుకు తయారైతుంటే బాపు "ఇయ్యాల సెలవు పెట్టు, నీ కంప్యూటర్ తీసుకొని దుకాణానికి రా" అన్నడు.  పేజీ తీసెయ్యమంటడు. తీసేస్తే దసరకు షట్టర్, ఎర్ర టీషర్టు. తీసెయ్యనందామంటే ఆ నోరు నాకు లేదు.

పోయేసరికి బాపు రెండు స్టూళ్ళు మెట్టు కింద ఏసి, ఒక దాని మీద కూసున్నడు. ఇంకోటి నాకు చూపిచ్చిండు. గిర్ని మోగుతున్నది. లాప్‌టాప్ ఒళ్ళె పెట్టుకున్న.

"ఏం రాసినవో చదువు" అన్నడు.

చదివిన.  బాపు మొత్తం విన్నడు.

"గిట్ల ఎవడు మాట్లాడ్తడే?" అన్నడు. "ముప్పై ఏండ్లు చూసిన. ఈడ నిలవడి ఒక్కడన్న సామాగ్రి అన్నడా? గంత కష్టంల ఉన్నోనికి గా మాట నోట్లకొస్తదా? చదువుకున్నదానివి, గింత తెల్వదా?"

"తీసెయ్యాల్నా బాపూ?" అని అడిగిన.

"మామకు నేను చెప్పుకుంట రానని. ముందుగాల గిది సరిగ్గ రాయి."

చెప్తుంటే కొట్టుకుంట పోయిన. మా బాపు పోయిండు. తెల్లారి చూస్తే లేవలే. ఏమేం తేవాలె. అయ్యగారు దొరుకుతడా. చిన్న పిల్ల పోయింది, ఏం చెయ్యాలె. ఊరికి కొత్తోళ్ళం, ఎక్కడికి తీసుకపోవాలె. ముప్పై ఏండ్లు మెట్టు కింద నిలవడ్డోళ్ళ మాటలు ఆయన లోపల ఉన్నదున్నట్టు ఉన్నయ్, ఒక్కటి మరవలే. నా వేళ్ళు అందుకుంటలేవు.

మధ్యల ఆగిండు. గిర్ని దిక్కు చూసుకుంట కూసున్నడు. అయిపోయినయేమో అనుకొని నేను మూసేయబోయిన.

"ఇంకోటి రాయి" అన్నడు. "ఇంటామె పోయింది. ఎవలకు చెప్పాలె."

నా చెయ్యి కీబోర్డు మీదనే ఆగింది. అమ్మ పోయిన నాడు పొద్దున, ఊరందరికి ఏం చెయ్యాలెనో చెప్పే మనిషి, వంటింటి గడప కాడ నిలవడి నన్ను గదే అడిగిండు. "బిడ్డా, ఎవలకు చెప్పాలె?" నేను ఏడుసుకుంటనే కసురుకున్న. "నువ్వే గద అందరికి చెప్పేటోనివి, నన్నడుగుతవేంది" అన్న. మల్ల ఆయన ఎన్నడు గా సంగతి ఎత్తలే, నేను సుత ఎత్తలే.

కొట్టిన. రెండు సార్లు తప్పు వడ్డది, దిద్దిన.

"చదువు" అన్నడు.

"ఇంటామె పోయింది, ఎవలకు చెప్పాలె" అని చదివిన.

బాపు లేచి, తువ్వాలతోని కుంకుమ డబ్బా తుడువనీకి మెట్టెక్కిండు. లోపలికి పోయి, నా దిక్కు చూడకుంటనే అన్నడు. "దాని కింద మన నంబర్ పెట్టు."